మా కాబ్‌కి ఇదే మొదటి పోటీ, వెళ్ళమంటారా?

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరం, కుదించి చెబుతాను.

ఆవిడకు నలభై దగ్గర పడుతోంది. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పిల్లలిద్దర్నీ రైడింగ్ క్లాసులో దింపడానికి వెళ్ళి, ఊరికే కూర్చోవడమెందుకని తానూ నేర్చుకున్నారు. పిల్లలు ఏడాది తిరక్కుండా మానేశారు, ఆవిడ మానలేదు. కిందటేడాది సొంతంగా ఒక కాబ్ రకం గుర్రాన్ని కొన్నారు. ఏడేళ్ళ మగ గుర్రం, నలుపు తెలుపు మచ్చలు, బలిసిన మెడ, గిట్టల మీద గుబురుగా బొచ్చు. ఎత్తు 14.2 హ్యాండ్స్, అంటే మూపు దగ్గర సుమారు 147 సెంటీమీటర్లు. పేరు టెడ్. చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు "అబ్బాయ్" అని పిలుస్తారట, దానికీ పలుకుతాడట.

రైడింగ్ నేర్పే ఆవిడ "మీరిద్దరూ రెడీ, అక్టోబరులో ఒక వన్ డే ఈవెంట్‌కి వెళ్ళండి" అన్నారు. 80 సెంటీమీటర్ల ఎత్తు దూకే తరగతికి ఎంట్రీ కట్టేశారు. ఇంకా ఐదు వారాలుంది. గుర్రాన్ని ఉంచే యార్డ్‌లో టెడ్ 85 సెంటీమీటర్ల కర్రలు హాయిగా దూకుతాడు. డ్రెసాజ్‌లో, అంటే రైడరు సైగలకు తగ్గట్టు లయగా అడుగులు వేసే పరీక్షలో, బద్ధకంగా ఉన్నా చెప్పినట్టు వింటాడు. చిక్కంతా బయటే. జూలైలో ఒక క్రాస్ కంట్రీ కోర్సుని (ఆరుబయట దుంగలు, నీళ్ళు లాంటి అడ్డంకులు దాటుతూ పరిగెత్తే దారి) గంట అద్దెకు తీసుకుని వెళ్ళారు. దుంగలు దూకాడు, నీళ్ళ దగ్గర మాత్రం మొరాయించాడు. పావుగంట బతిమాలినా గిట్ట తడవనివ్వలేదు. పక్క గుర్రం కనుమరుగైతే చాలు, సకిలింపులతో తోట దద్దరిల్లిందట.

ఇది కాక మే నెలలో ఆవిడ కింద పడ్డారు. ఎడమ భుజం ఇప్పటికీ చెయ్యి పైకెత్తితే పట్టేస్తోంది. భర్తకి పోటీ సంగతి చెప్పలేదు, "ట్రైనింగ్ క్యాంప్" అన్నారు. తెనాలిలో అమ్మగారు వీడియో కాల్‌లో "నడుం విరగ్గొట్టుకుంటే పిల్లల్నెవరు చూస్తారే" అని ఒకటే గోల. యార్డ్‌లో ఒకావిడ "కాబ్ అంటే బండి లాగేది, ఈవెంటింగ్‌కి దాన్నెందుకు తీసుకెళ్తారు" అని నవ్వారు. "మానుకుంటే పిరికిదాన్నని, వెళ్తే మూర్ఖురాలినని అనిపిస్తోంది. ఏం చెయ్యను?" అని అడిగారు. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న: పోటీకి ముందు కాళ్ళ బొచ్చు కత్తిరించాలా?

మీకు జవాబు రాసేముందు, ఈ ఆట తెలియని మిగతా పాఠకులకు రెండు మాటలు. ఈవెంటింగ్ అంటే ఒకే గుర్రం, ఒకే రైడరు మూడు పరీక్షలు రాయడం: డ్రెసాజ్, షో జంపింగ్ (కర్రల అడ్డంకులు దూకడం), క్రాస్ కంట్రీ. సైన్యంలో గుర్రాలకు పెట్టిన పరీక్షల్లోంచి పుట్టిన ఆట, 1912 స్టాక్‌హోమ్ నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. మనవాళ్ళూ తక్కువేం కాదు. 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో రఘుబీర్ సింగ్ ఇందులో స్వర్ణం గెలిచారు, 2018లో బెంగళూరు కుర్రాడు ఫవాద్ మీర్జా రజతం తెచ్చారు. పెద్ద పోటీలు మూడు నాలుగు రోజులు సాగుతాయి. ఇంగ్లండ్‌లో వారాంతాల్లో జరిగే చిన్నవి ఒక్క రోజులోనే అయిపోతాయి, వాటిలో క్రాస్ కంట్రీ చివర వస్తుంది. ఆ వరుసతో మనకు తర్వాత పని ఉంది, గుర్తుంచుకోండి.

ఇక మీ సంగతి. మీరు ఒక ప్రశ్న అడిగారు గానీ అందులో మూడున్నాయి. గుర్రం సిద్ధమా, మీ ఒళ్ళు సిద్ధమా, ఇంట్లో చెప్పిన అబద్ధాన్ని ఏం చెయ్యాలి. మూడూ కలిసిపోయాయి కాబట్టే పిరికితనం, మూర్ఖత్వం లాంటి పెద్ద మాటలు వచ్చాయి. దేనికది విడదీస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

నవ్విన ఆవిడ మాట ముందు తేల్చేద్దాం. కాబ్ ఒక జాతి కాదు, ఒక రకం వాటం: పొట్టి బలమైన కాళ్ళు, వెడల్పాటి ఛాతీ, నిదానమైన బుర్ర. బండి లాగిన వంశమే కావచ్చు. 80 సెంటీమీటర్లు దూకడానికి వంశవృక్షం అక్కర్లేదు. ఆ స్థాయి పోటీల్లో కాబ్‌లు ఇంగ్లండ్ అంతటా కనబడతాయి. అయితే ఆవిడ మాటలో ఒక గింజ నిజం ఉంది, అది వేగం.

లెక్క చూడండి. అక్కడ ఈ ఆటను నడిపే సంస్థ బ్రిటిష్ ఈవెంటింగ్ వాళ్ళ 80 తరగతిలో క్రాస్ కంట్రీకి పెట్టే వేగం నిమిషానికి 435 మీటర్లు. మీరు వెళ్ళేది స్థానిక పోటీ కాబట్టి కొంచెం అటూఇటూ ఉండొచ్చు, ఎంట్రీ కాగితాల్లో చూసుకోండి. కోర్సు 1,800 మీటర్లు అనుకుందాం. ఆ వేగంతో 4 నిమిషాల 8 సెకన్లు పడుతుంది. మీ టెడ్ హాయిగా వెళ్ళే క్యాంటర్ (ఒక మోస్తరు పరుగు) నిమిషానికి 350 మీటర్లు అయితే 5 నిమిషాల 9 సెకన్లు. ఆలస్యమైన ప్రతి సెకనుకీ 0.4 పెనాల్టీ లెక్కన ఇరవైనాలుగు చిల్లర పడతాయి. ఒక అడ్డంకి దగ్గర ఒకసారి ఆగిపోతే పడేవి 20. అంటే గుర్రం ఎక్కడా ఆగకుండా మొత్తం దూకినా, నిదానం వల్లే అంతకు మించి పోతాయి.

కాబట్టి మొదటి పోటీలో టైముని వదిలెయ్యండి. అసలు తలుచుకోవద్దు. కాబ్‌తో వచ్చేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే: గడియారం గుర్తొచ్చి దుంగ మీదికి తరుముతారు, గుర్రం బరువంతా ముందు కాళ్ళ మీద పడుతుంది, కళ్ళెం చేతిలో ఇనపకమ్మీలా బిగుసుకుంటుంది. అప్పుడు అడ్డంకి చూసుకునే తీరిక గుర్రానికీ ఉండదు, మీకూ ఉండదు.

టెడ్ విషయంలో నాకు అసలు బెంగ నీళ్ళ గురించే. ఆ పావుగంటలో ఏం జరిగిందో మీరు వివరంగా రాయడం మంచిదైంది. ముందు కాళ్ళు రెండూ ఒడ్డున పాతేశాడు, తల దించి బుస కొట్టాడు, మీరు మడమలతో పొడిచిన కొద్దీ అడుగు అడుగు వెనక్కి పోయాడు, చివరికి మీరే తిప్పుకుని వచ్చేశారు. తల దించి చూడటం మొండితనం కాదండీ. అడుగెంత లోతుందో వాడికి తెలియదు, తెలుసుకుంటున్నాడు. ఆ క్షణంలో కళ్ళెం వదులు చేసి, కాళ్ళు మాత్రం వాడి పక్కలకు ఆనించి, మొహం నీళ్ళకేసి ఉండేలా చూసుకుంటే సరిపోయేది. పొడిచేసరికి నీళ్ళకు మీ మడమలు కూడా తోడయ్యాయి. తిప్పుకుని వచ్చేసరికి "ఆగితే ఇంటికి తీసుకెళ్తారు" అనే పాఠం మిగిలింది.

సరిదిద్దుకోవడానికి ఐదు వారాలు చాలొచ్చు. యార్డ్‌లో వాన గుంటల్ని చుట్టి వెళ్ళడం ఈ రోజే మానెయ్యండి, నడకలో వాటి మధ్య నుంచే తీసుకెళ్ళండి. దగ్గర్లో లోతు తక్కువ వాగు ఉండి, గుర్రాల్ని దింపడానికి అనుమతి ఉంటే నెమ్మదస్తురాలైన ముసలి గుర్రం ఒకదాన్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. ముందు అది దిగుతుంది, వెనకాలే వీడు. దిగాక హడావిడిగా ఒడ్డెక్కించొద్దు. నిలబెట్టండి. కాలితో నీళ్ళు చిమ్మితే చిమ్మనివ్వండి, బొర్లడానికి మోకాళ్ళు వంచితే మాత్రం కదిలించండి. ఆ తర్వాత అద్దె కోర్సుకి వెళ్ళి, ముందు తోడుతో, తర్వాత తోడు లేకుండా. తోడు లేకుండా కనీసం రెండు వేర్వేరు చోట్ల దిగితేనే నీళ్ళలో దిగడం వచ్చినట్టు లెక్క. ఒకే చోట పదిసార్లు దిగితే ఆ చోటు అలవాటైనట్టు, అంతే.

పోటీలో దీన్ని నేర్పించలేరు. ఒకే అడ్డంకి దగ్గర మొదటిసారి ఆగితే 20, రెండోసారి 40, మూడోసారి పోటీ నుంచి బయటికి. అంకెల నష్టం మర్చిపోవచ్చు. మూడుసార్లు ఆగి ఇంటికెళ్ళిన గుర్రానికి జూలై పాఠం మరింత గట్టిపడుతుంది, అదీ నష్టం. కొన్ని చిన్న పోటీల్లో నీళ్ళను తప్పించి వెళ్ళే పక్కదారి ఇస్తారు. మీ పోటీలో ఉందా అని నిర్వాహకులకు ఒక ఫోను చెయ్యండి. సిగ్గుపడాల్సిన ప్రశ్నేం కాదు, వాళ్ళకి రోజూ వచ్చేదే.

సకిలింపులకు మందు వేరు. పోటీకి ముందు ఏదో ఒక ఆదివారం టెడ్‌ని ఒక్కడినే ట్రైలర్‌లో ఎక్కించి, ఏదైనా షోకి తీసుకెళ్ళండి. ముందే అడిగి వెళ్ళండి, పోటీ చెయ్యొద్దు. పగ్గం పట్టుకుని గంటసేపు తిప్పండి: మైకు గోల, ఐస్‌క్రీం బండి, పరిగెత్తే గుర్రాలు. గడ్డి మెయ్యడం మొదలెట్టాడంటే పని అయినట్టే, ఇంటికి వచ్చెయ్యండి. పోటీకి కూడా స్నేహితురాలి గుర్రంతో కలిపి తీసుకెళ్ళకపోవడమే మంచిది. ఆవిడ టైము వేరు, మీ టైము వేరు. తోడు గుర్రం డ్రెసాజ్‌కి వెళ్ళిన ప్రతిసారీ ట్రైలర్ ఊగుతుంది.

దమ్ము గురించి మీరు అడగలేదు, నేను చెప్తాను. బరువైన ఒళ్ళున్న గుర్రం తొందరగా వేడెక్కుతుంది, మెల్లగా చల్లారుతుంది, అక్టోబరుకి చలి బొచ్చు కూడా వస్తుంది. వారానికి రెండుసార్లు మూడు నాలుగు నిమిషాల క్యాంటర్, మధ్యలో ఊపిరి నెమ్మదించేదాకా నడక, ఇలా మూడు దఫాలు చేయించండి. దిగాక నాడి చూడండి. విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 ఉంటుంది. ఎండ్యూరెన్స్ (దూరపు పరుగు) పోటీల్లో వాడే 64 అంకెను మీరూ గీటురాయిగా పెట్టుకోవచ్చు. పది పదిహేను నిమిషాల్లో అంతకు దిగకపోతే వాడికింకా దమ్ము రాలేదన్నమాట. మెడ, పొట్ట కింద బొచ్చు క్లిప్ చేయించండి.

ఇప్పుడు మీ భుజం. మీరు ఫిజియో. మే నెలలో పడి, ఇప్పటికీ చెయ్యి పూర్తిగా లేవని పేషెంటు వచ్చి "ఐదు వారాల్లో గుర్రం మీద కొండలూ గుట్టలూ దూకుతాను" అంటే మీరేమంటారో అది మీకు మీరే చెప్పుకోండి. ఇంకా మంచిది, పక్క గదిలో కొలీగ్‌కి చూపించండి. గుర్రం నీళ్ళ ముందు టక్కున ఆగినప్పుడు మిమ్మల్ని జీనులో ఉంచేవి ఒళ్ళు సర్దుకునే వేగం, రెండు చేతులూ. ఆ రోజు ఒక చెయ్యి సగమే పనిచేస్తుందంటే అది ధైర్యానికి సంబంధించిన విషయం కానే కాదు.

భర్తకు చెప్పని సంగతి. దీన్ని నేను నీతి ప్రశ్నగా చూడటం లేదు. క్రాస్ కంట్రీకి వెళ్ళేవాళ్ళు చేతికి మెడికల్ ఆర్మ్‌బ్యాండ్ కట్టుకోవాలి. అందులో కార్డు మీద మీ మందులు, పాత దెబ్బలు, ఏమైనా జరిగితే ఎవరికి ఫోను చెయ్యాలో రాస్తారు. అక్కడ ఎవరి నంబరు రాద్దామనుకుంటున్నారు? ఆయనదే రాస్తారు. "ట్రైనింగ్ క్యాంప్" అనుకుని ఇంట్లో పిల్లలకి దోసెలు పోస్తున్న మనిషికి ఆ ఫోను వెళ్తే, పోటీ గురించి ఆయనకి తెలిసే పద్ధతి అదా? ఈ వారంలోనే చెప్పండి. ఆయన వద్దంటారని మీ భయం. అనొచ్చు. కానీ వేగం వదిలేశారని, నీళ్ళు రాకపోతే వెళ్ళరని, భుజం చూపించుకున్నారని కలిపి చెబితే మాట తీరు మారుతుంది. వీలైతే వెంట తీసుకెళ్ళండి. బకెట్లు మొయ్యడానికి, గుర్రాన్ని పట్టుకోవడానికి, మీరు దూకేలోపు కోటు పట్టుకుని నిలబడటానికి ఒక మనిషి ఎలాగూ కావాలి. పని ఉన్నవాడికి భయపడే తీరిక తక్కువ. అమ్మగారికి మాత్రం పోటీ అయిపోయాక ఫోటో పంపండి. అంత దూరాన కూర్చుని ఆవిడ చెయ్యగలిగింది బెంగపడటమే, దానికి ముందస్తు నోటీసు అక్కర్లేదు.

ఇక దారులు. మొత్తం పోటీ చెయ్యడం ఒకటి. పోటీకి రెండు వారాల ముందు నాటికి టెడ్‌కి నీళ్ళలో దిగడం వచ్చి, భుజం సరేనంటే, ఇది తప్పేం కాదు. అప్పటికీ కొత్త చోట కొత్త నీళ్ళ ముందు ఆగే అవకాశం ఉంటుంది. అలాంటప్పుడు రెండోసారి ఆగగానే చెయ్యెత్తి, విరమిస్తున్నానని చెప్పి, నడకలో బయటికి వచ్చెయ్యడానికి ముందే సిద్ధపడి వెళ్ళాలి.

విరమించుకోవడం రెండో దారి. ఎంట్రీ గడువు లోపు చెబితే కొంత డబ్బు వెనక్కి రావచ్చు, రాకపోవచ్చు. శరదృతువులో హంటర్ ట్రయల్స్ మొదలవుతాయి. వాటిలో క్రాస్ కంట్రీ ఒక్కటే ఉంటుంది, చాలాచోట్ల జంటగా వెళ్ళే తరగతులుంటాయి. తోడు కోసం అరిచే గుర్రానికి ఇంతకంటే మంచి బడి లేదు. చలికాలమంతా ఇసుక ఎరీనాల్లో చిన్న పోటీలు దొరుకుతాయి. ఈవెంటింగ్ సీజను మార్చిలో మళ్ళీ తెరుచుకుంటుంది. ఇందులో ఉన్న చిక్కల్లా మార్చిలో మరో కారణం దొరకడం. మీ ఉత్తరం చదివితే మీరలాంటి మనిషి అనిపించలేదు.

మూడోది, వెళ్ళి డ్రెసాజ్, షో జంపింగ్ చేసి క్రాస్ కంట్రీకి ముందు ఆపేయడం. చివరిదాకా చెయ్యాలనే రూలు ఎక్కడా లేదు, ఆఫీసులో చెబితే చాలు. ఫీజు మొత్తం పోతుంది, ఫలితాల్లో పేరు పక్కన "విరమించారు" అని పడుతుంది. బదులుగా టెడ్‌కి ట్రైలర్, గుంపు, ఎదురుచూపు, రెండు రౌండ్లు అనుభవంలోకి వస్తాయి, భయం ఒక్కటీ మిగలదు. నా మొగ్గు దీనివైపే. నీళ్ళు, భుజం రెండూ కుదిరితే మూడో అంకం కలుపుకోండి, లేకపోతే రెండుతో తిరిగి రండి. ఒక్క షరతు: ఆ నిర్ణయం ముందు రోజు రాత్రే అయిపోవాలి. షో జంపింగ్‌లో ఒక్క కర్రా పడకుండా బయటికి వచ్చిన మనిషికి ఏదైనా చెయ్యగలననిపిస్తుంది. ఆ పది నిమిషాల్లో మీ మీద మీరు ఆధారపడకండి.

నేర్పే ఆవిడ చేత చేయించడం అనే దారీ ఉంది. మూడు అంకాలూ ఒకే రైడరు చెయ్యాలి కాబట్టి మీరు ఆ రోజంతా చూస్తూ ఉండాల్సిందే. గుర్రానికి మేలు. మీ ఉత్తరం నిండా ఉన్నది మాత్రం మీ కోరిక, గుర్రానిది కాదు. అందుకే దీన్ని నేను చివర పెట్టాను.

వెళ్తే ఆ రోజు పనికొచ్చేవి కొన్ని. గుర్రం పాస్‌పోర్టు వెంట ఉండటం చట్టం, ఫ్లూ టీకా తేదీలు పోటీ నియమాలకు సరిపోతున్నాయో ఇప్పుడే చూసుకోండి. బాడీ ప్రొటెక్టర్, హెల్మెట్ ప్రమాణాలు నియమాల పుస్తకంలో ఉంటాయి. కిందపడ్డప్పుడు ఆ హెల్మెట్టే పెట్టుకుని ఉంటే కొత్తది కొనండి, బేరం లేదు. కోర్సుని కాళ్ళతో నడవండి, వీలైతే రెండుసార్లు. ఎర్ర జెండా మీ కుడివైపు, తెల్లది ఎడమవైపు ఉండేలా వాటి మధ్య నుంచి వెళ్ళాలి. టెన్షన్‌లో గుర్రాన్ని గంటసేపు వార్మప్ చెయ్యొద్దు. బద్ధకస్తుడైన కాబ్‌కి ఇరవై నిమిషాలు చాలు, మిగతా ఓపిక కొండ ఎక్కేటప్పుడు కావాలి. దూకడం అయ్యాక చన్నీళ్ళు ఆపకుండా పోస్తూ ఉండండి, ఊపిరి కుదుటపడేదాకా.

కాళ్ళ బొచ్చు విషయం. కత్తిరించాలనే నియమం లేదు, నవ్వేవాళ్ళు ఎలాగూ నవ్వుతారు. వేళ్ళు లోపలికి పోనిచ్చి చర్మం తడిమి చూడండి. పొక్కులు, పెచ్చులు తగిలినా, వాడు కాళ్ళు నేలకేసి కొడుతున్నా మైట్స్ (చర్మంలో చేరే చిన్న పురుగులు) గానీ మడ్ ఫీవర్ (తడి, బురద వల్ల వచ్చే చర్మ రోగం) గానీ అయివుండొచ్చు. అప్పుడు క్లిప్ చేసి వెట్‌కి చూపించండి. చర్మం శుభ్రంగా ఉంటే అలాగే వదిలెయ్యండి. పోటీ నుంచి వచ్చాక మాత్రం బురద కడిగి ఊరుకోకుండా, ఆరాక మళ్ళీ ఒకసారి తడమండి. ముళ్ళు, చిన్న గాట్లు ఆ బొచ్చులో రెండు రోజులదాకా కనబడవు.